కారు వెనక గ్లాసు మార్చడం: అంచు తయారీయే అసలు పని

కారు వెనక గ్లాసు పగిలితే చిల్లు పూడ్చడాలూ అతుకు వేయడాలూ కుదరవు, మార్చాల్సిందే. ముందు గ్లాసులో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి రాయి తగిలినా పగులు ఒకచోట ఆగుతుంది. వెనకది చాలా కార్లలో టఫెన్డ్ గాజు. దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా వేడిచేసి, గాలి ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొరలు నొక్కుడు మీదా లోపలి పొర లాగుడు మీదా ఉండిపోతాయి. ఆ బిగువే దాని బలం. పగులు పైపొరను దాటి లోపలికి దిగిందంటే ఆ బిగువంతా ఒక్క క్షణంలో విడిపోయి పలక మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది. అందుకే కొత్త గ్లాసును కోయడానికి గానీ, బెజ్జం వేయడానికి గానీ వీల్లేదు. నడిమధ్యన గట్టి దెబ్బ తట్టుకునే పలక, అంచున చిన్న ఇనుప దెబ్బకే పోతుంది. పని మొదలైనప్పటి నుంచి చివరిదాకా అంచును కాపాడుకోవాలి.

గ్లాసును దాని చోట్లో కూర్చోబెట్టడం రెండు మూడు నిమిషాల పని. మిగతా గంటలన్నీ ముక్కలు ఏరడానికి, పాత గమ్ము చెక్కడానికి, అంచు తుడవడానికి, గమ్ము బాగా పట్టేందుకు ముందుగా పూసే ప్రైమర్ ఆరడానికి పోతాయి. బిగించాక నీళ్లు కారే గ్లాసుల్లో ఎక్కువ వాటికి కారణం ఈ తయారీలో పడ్డ తొందరే. ఒక పూట పూర్తిగా కేటాయించుకోలేని రోజున దీన్ని మొదలుపెట్టకండి. బిగించేటప్పుడు తప్పకుండా రెండో మనిషి కావాలి.

కొత్త గ్లాసు చేతికి వచ్చేదాకా

ఖాళీ అయిన చోటును మందపాటి ప్లాస్టిక్ షీటుతో కప్పవచ్చు. టేపు మాత్రం మాస్కింగ్ టేపే వాడండి. పెట్టెలకు వేసే జిగురు టేపు ఎండకు పెయింటు మీద కరిగి అంటుకుపోతుంది, తీసేటప్పుడు పైపూతను లాక్కుని వస్తుంది. షీటును తలుపు చట్రం లోపలికి మడిచి తలుపు వేస్తే టేపు అవసరం సగానికి తగ్గుతుంది.

ఈ స్థితిలో కారు నడపాల్సి వస్తే ఒక ప్రమాదం ఉంది. కారు వేగంగా వెళ్తున్నప్పుడు వెనక భాగంలో గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సరు నుంచి వచ్చే పొగ తెరిచి ఉన్న చోటు గుండా లోపలికి లాక్కోబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. వీలైనంత వరకూ నడపకండి. తప్పకపోతే ముందు వెంట్లను బయటి గాలికి పెట్టి, ఫ్యాన్ వేగం పెంచి, దగ్గర దూరమే వెళ్లండి.

సరైన గ్లాసు, సరైన గమ్ము

ఒకే మోడల్ కారుకు కొన్నిసార్లు నాలుగైదు రకాల వెనక గ్లాసులు కూడా ఉంటాయి. మోడల్ పేరు, సంవత్సరం చెప్పి తెప్పిస్తే తప్పు గ్లాసు వచ్చే అవకాశం ఎక్కువ. చాసిస్ నంబరు ఇచ్చి అడగండి. అప్పుడు కూడా మీరే చూసుకోవాల్సినవి ఉన్నాయి: డీఫాగర్ గీతలు (గ్లాసును వేడిచేసి మంచు, ఆవిరి పోగొట్టే సన్నని గీతలు) ఉన్నాయా, వాటి పైన రేడియో యాంటెన్నా గీతలు కూడా ఉన్నాయా, వైపర్‌కు బెజ్జం ఉందా, పై బ్రేకు లైటుకు గుర్తించి వదిలిన చోటు ఉందా, రంగు లేత ఆకుపచ్చా లేక ముదురు బూడిదా, అంచు రబ్బరు గ్లాసుతోపాటే అచ్చుపోసి వస్తుందా లేక విడిగా కొనాలా. గ్లాసు కింది మూలన ముద్రించిన గుర్తు కూడా చూడండి. గుండ్రటి గీత లోపల ఆంగ్ల 'E' అక్షరం, పక్కన అంకె, 43ఆర్ అని ఉంటే అది ఐక్యరాజ్య సమితి 43వ నిబంధన ప్రకారం ఆమోదం పొందినది. ఏఎస్2 అని ఉంటే 70 శాతానికి తగ్గకుండా వెలుతురు పోనిచ్చేది, ఏఎస్3 అంటే ఆ పరిమితి లేని ముదురు గ్లాసు.

పెట్టె విప్పిన వెంటనే అంచు చుట్టూ గ్లౌజు వేసుకున్న వేలితో తడిమి చూడండి. గోరు తగిలేంత పెచ్చు ఊడినా ఆ గ్లాసు బిగించకండి. ఈరోజు నిలిచినా, ఏదో ఎండ రోజున డిక్కీ గట్టిగా వేసినప్పుడు పగులుతుంది. తర్వాత మల్టీమీటరుతో డీఫాగర్ నిరోధం కొలవండి. రెండు పక్కల నిలువు పట్టీల మధ్య సాధారణంగా ఒక ఓమ్‌కు అటూ ఇటూగా వస్తుంది. ఇంత చిన్న విలువ కొలిచేటప్పుడు మీటరు తీగలకుండే నిరోధమే లెక్క తప్పిస్తుంది కాబట్టి, ముందు రెండు మొనలనూ కలిపి వచ్చిన అంకెను తీసేయండి. మీటరు అనంతం చూపిస్తే గ్లాసు తిరిగి పంపండి. ఈ పరీక్ష అతికించాక చేస్తే తెలిసినా లాభం లేదు.

గమ్ము విషయంలో రాజీ పడకూడదు. కావాల్సింది వాహనాల గ్లాసులు అతికించడానికే తయారైన ఒకే భాగపు (మరో ద్రవం కలపక్కర్లేని) పాలీయూరిథేన్, క్లుప్తంగా యూరిథేన్. గోడల పగుళ్లకు వాడే పీయూ సీలెంట్ కూడా అలాంటి ట్యూబులోనే వస్తుంది, కానీ దానికి ఈ బలం ఉండదు. సిలికాన్ అసలు వద్దు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు అసిటిక్ ఆమ్లం విడుదల చేసి రేకును తుప్పు పట్టిస్తుంది. పైగా ఒకసారి సిలికాన్ తగిలిన చోట తర్వాత యూరిథేన్ పట్టదు. కనబడని పొర మిగిలి ఉన్నా అతుకు ఊడుతుంది.

ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు. గమ్మును త్రిభుజాకారపు తీగలా వేస్తారు. అడుగు 8 మిల్లీమీటర్లు, ఎత్తు 12 మిల్లీమీటర్లు అనుకుంటే అడ్డకోత 48 చదరపు మిల్లీమీటర్లు. చుట్టుకొలత 4 మీటర్లున్న గ్లాసుకు 192 మిల్లీలీటర్లు పడుతుంది. అదే అడుగు 10, ఎత్తు 14 వేస్తే 280 దాకా పోతుంది. ట్యూబులో 310 మిల్లీలీటర్లుంటాయి, ముక్కులోనూ ట్యూబు అడుగునా కొంత మిగిలిపోతుంది. అందుకని రెండు ట్యూబులు దగ్గర పెట్టుకోండి. మూడు వైపులా వేశాక గమ్ము అయిపోయి కొత్తది తేవడానికి వెళ్తే, ముందు వేసిన దానిపై పొర కట్టేస్తుంది. గడువు తేదీ చూడండి. నొక్కితే ట్యూబు గట్టిగా, గడ్డలుగా తగిలితే పారేయండి.

వీటితోపాటు ఆ గమ్ము కంపెనీదే క్లీనర్, గ్లాసుకు వేసే నల్ల ప్రైమర్, రేకు గీతలకు వేసే ప్రైమర్ కొనండి. ఒక కంపెనీ గమ్ము, మరో కంపెనీ ప్రైమర్ కలపకండి. ఇక పనిముట్లు: 18:1 లేదా అంతకు మించిన ఒత్తిడి నిష్పత్తి ఉన్న గన్ను, రెండు సక్షన్ కప్పులు, గమ్ము చెక్కే కత్తి, ప్లాస్టిక్ ట్రిమ్ పనిముట్లు, వాక్యూమ్ క్లీనర్, నూగు రాలని గుడ్డలు, కోతను ఆపే గ్లౌజులు, నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు, దుమ్ము మాస్కు. చవక గన్నుతో ఈ చిక్కటి గమ్మును నెట్టబోతే చేయి వణుకుతుంది, తీగ ఎగుడుదిగుడుగా పడుతుంది. అలా పలచబడిన చోటే తర్వాత నీళ్లు దూరేది.

ముక్కలు ఏరడం

ముక్కలు కదిలించకముందే ఫోటోలు తీయండి: పాత గ్లాసు అంచుకూ రేకుకూ మధ్య ఖాళీ, వైర్లు పోయిన దారి, క్లిప్పులున్న చోట్లు. గ్లాసు పగిలినా దానికి అతికించిన ఎండ ఫిల్మ్ వల్ల ఇంకా నిలిచి ఉంటే బయటి వైపు మొత్తం అడ్డంగా, నిలువుగా టేపు వేయండి. లోపల సీటు, పార్సెల్ ట్రే మీద దుప్పటి పరిచి, డిక్కీ మూత మీద మరొకటి వేసి, పై అంచు నుంచి మెల్లగా బయటికి మడుస్తూ తీయండి. చాలావరకు ఒకే చాపలా వస్తుంది.

ట్రిమ్ (రేకును కప్పే లోపలి ప్లాస్టిక్ భాగాలు) ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. వెనక గ్లాసుకు రెండు పక్కలా కప్పును మోసే స్తంభాల ట్రిమ్ మీద ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు ఉంటే, కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగిన తర్వాతే దాన్ని విప్పండి. హ్యాచ్‌బ్యాక్ అయితే డిక్కీ తలుపు లోపలి ప్యానెల్ పూర్తిగా తీయాలి. సెడాన్ అయితే వెనక సీటు, స్తంభాల ట్రిమ్, ఆపై పార్సెల్ ట్రే.

కనిపించే ముక్కలు ఏరడం తేలిక, దాక్కున్నవే ఇబ్బంది పెడతాయి. హ్యాచ్‌బ్యాక్‌లో సగం ముక్కలు తలుపు పొట్టలోకి జారతాయి. వైపర్ మోటారు చుట్టూ, లాక్ యంత్రాంగంలో, అడుగున నీళ్లు పోయే చిల్లుల్లో చేరతాయి. ఆ చిల్లులు మూసుకుంటే తలుపు లోపల నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. సెడాన్‌లో స్పీకర్ల కింద, సీటు వీపు వెనక, స్టెప్నీ గుంతలో చూడండి.

వెనక సీటు బెల్టులను ప్రత్యేకంగా పట్టించుకోవాలి. బెల్టును చివరిదాకా బయటికి లాగి క్లిప్పుతో ఆపి, రెండు వైపులా వాక్యూమ్ పెట్టి, నేతలో గుచ్చుకున్న రేణువులను బ్రష్షుతో రాల్చండి. అవి అలాగే చుట్టలోకి వెళ్తే ప్రతి లాగుడుకూ నేతను కోస్తూ ఉంటాయి. బెల్టు అంచున పోగులు లేచి కనిపించినా, బెల్టు సాఫీగా వెనక్కి చుట్టుకోకపోయినా దాన్ని మార్చాలి. బెల్టు బకెల్స్‌లో ముక్కలున్నాయేమో బెల్టు చివరి లోహపు నాలుకను అందులో పెట్టి, తీసి, శబ్దం సరిగా వస్తోందో లేదో చూడండి.

చేత్తో తుడవకండి. టఫెన్డ్ ముక్కలు పెద్దగా కోయవు గానీ, వాటితోపాటు వచ్చే సూది పలుకులు వేలిలో దిగి కనబడకుండా ఉండిపోతాయి. కార్పెట్‌లో మిగిలినవి టార్చిని నేలబారుగా వేస్తే మెరుస్తాయి.

పాత గమ్ము ఎంత వదలాలి

రేకు చట్రం మీద పాత యూరిథేన్ గట్టిగా అంటుకుని ఉంటుంది. దాన్నంతా గీకేసి మెరిసే రేకు దాకా వెళ్లాలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఫ్యాక్టరీలో వేసిన గమ్ము రేకు పెయింటుకు ఎంత బాగా పట్టి ఉందో, మీరు తిరిగి అంత బాగా పట్టించలేరు. కొత్త యూరిథేన్‌కు అన్నింటికన్నా నమ్మకమైన ఆధారం అప్పుడే కోసిన పాత యూరిథేనే. కత్తిని రేకుకు సమాంతరంగా ఉంచి, 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందం మిగిలేలా చుట్టూ ఒకే ఎత్తుకు చెక్కండి. కత్తి మొన పెయింటును తాకకూడదు.

చెక్కిన తలం మెరుస్తూ, నల్లగా, గట్టిగా ఉండాలి. గోటితో లాగితే పాత గమ్ము పట్టీలా ఊడి వస్తుంటే, లేదా పొడిపొడిగా రాలుతుంటే అక్కడ మాత్రం మొత్తం తీసి, రేకు నుంచి మొదలుపెట్టాలి. అంతకుముందు ఎవరైనా సిలికాన్ రాసి ఉంటే అది మెత్తగా, రబ్బరులా సాగుతుంది. ఆ భాగాన్ని పూర్తిగా చెక్కి, దాని కింది పెయింటు దాకా శుభ్రం చేయాల్సిందే.

కోసిన తలాన్ని చేత్తో ముట్టుకోకండి, నీళ్లతో కడగకండి, థిన్నరుతో తుడవకండి. కోసిన గంటల్లోపే కొత్త గమ్ము వేసేలా చూసుకోండి. మరుసటి రోజుకు వాయిదా పడితే మళ్లీ పలచగా ఒక పొర కోసి మొదలుపెట్టండి.

కత్తి తగిలి రేకు బయటపడిన చిన్న గీతలుంటే రేకు ప్రైమర్ పలచగా ఒక్క పూత వేసి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు. తుప్పు కనిపిస్తే సంగతి వేరు. గోధుమ రంగు మచ్చ చిన్నదే అయినా చుట్టుపక్కల పెయింటు ఉబ్బి ఉందేమో గీకి చూడండి. ఉప్పుకాగితంతో తెల్లటి రేకు వచ్చేదాకా తీసి, ఎపాక్సీ ప్రైమర్, దానిపై రంగు వేసి, అవి పూర్తిగా గట్టిపడ్డాకే గ్లాసు పని. పచ్చి పెయింటు మీద గమ్ము వేస్తే గమ్ము పెయింటును పట్టుకుంటుంది, పెయింటు రేకును వదిలేస్తుంది. రేకు చిల్లులు పడేంత తుప్పు ఉంటే ముందు టింకరింగ్ పని జరగాలి. తుప్పు మీదే గ్లాసు అతికిస్తే అదే పని రెండోసారి చేయాల్సి వస్తుంది, అప్పటికి తుప్పు ఇంకా లోపలికి పోయి ఉంటుంది.

గ్లాసు తయారీ, ఉత్తుత్తి బిగింపు

గ్లాసును మెత్తటి గుడ్డ పరిచిన బల్ల మీద, లోపలి వైపు పైకి ఉండేలా పెట్టండి. అంచు చుట్టూ ఉన్న నల్లటి సిరామిక్ పట్టీ అందానికి వేసింది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గాజు గుండా వచ్చి యూరిథేన్‌ను పొడిగా మార్చకుండా అదే అడ్డుపడుతుంది. ఈ పట్టీని ఆ గమ్ము కంపెనీ క్లీనరుతో ఒకే దిశలో తుడిచి, తడి ఆరకముందే మరో పొడి గుడ్డతో తుడిచేయండి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పట్టీ మీద నీళ్లు చిలకరించండి. నీరు పలచని పొరలా పరుచుకుంటే బాగున్నట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే అచ్చు నూనె గానీ, సిలికాన్ గానీ మిగిలి ఉన్నట్టు. మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరాకే ముందుకు పోండి.

డీఫాగర్ గీతల వైపు బ్లేడు పెట్టకండి. తుడవాల్సి వస్తే గీతలు సాగే దిశలోనే తుడవండి, వాటిని దాటుతూ పైకీ కిందికీ కాదు.

ప్రైమర్ వేసే ముందే గ్లాసును ఒకసారి ఖాళీగా చోట్లో పెట్టి చూడాలి. ఇద్దరూ సక్షన్ కప్పులు పట్టుకుని, కింది అంచు స్పేసర్ల (గ్లాసును సరైన ఎత్తులో ఆపే చిన్న దిమ్మెల) మీద ఆనేలా కూర్చోబెట్టండి. ఎడమా కుడీ ఖాళీలు సమానంగా వచ్చేదాకా జరిపి, పై అంచున రెండు చోట్ల, పక్కల ఒక్కో చోట గ్లాసు మీది నుంచి రేకు మీదికి టేపు అతికించండి. తర్వాత గ్లాసు అంచు దగ్గర టేపును కోయండి. గ్లాసు తీసినా సగం టేపు దాని మీద, సగం రేకు మీద ఉంటుంది. గమ్ము వేశాక ఆ సగాలను కలిపితే చాలు, గ్లాసు ఒక్క ప్రయత్నంలో దాని చోట్లో దిగుతుంది. గమ్ము వేసిన తర్వాత గ్లాసును అటూ ఇటూ జరపడం కన్నా చెడ్డ పని లేదు. జరిపిన ప్రతిసారీ తీగ సాగి, ఒకచోట పలచబడి, లోపల గాలి సందు మిగులుతుంది. వైర్లు తగినంత పొడవుగా అందుతున్నాయో లేదో కూడా ఈ ఉత్తుత్తి బిగింపులోనే చూసుకోండి.

ఇప్పుడు నల్ల ప్రైమర్. డబ్బాను ఒక నిమిషం బాగా కుదపండి, అడుగున చేరిన నలుపు కలవాలి. గమ్ము పడే దారిలో 15 నుంచి 20 మిల్లీమీటర్ల వెడల్పున, ఒకే చేతివాటంలో పలచగా రాయండి. ఖాళీ వదిలిన చోటుకు వెనక్కి వెళ్లి మళ్లీ రుద్దితే సగం ఆరిన పూత లేచిపోతుంది. ఆరడానికి లేబుల్ మీద రాసినంత సమయం ఇవ్వండి. ఆరని ప్రైమర్ మీద గమ్ము వేస్తే ద్రావకం లోపల ఇరుక్కుని అతుకు మెత్తబడుతుంది. పైకి పొడిగా కనిపించడం ఒక్కటే సరిపోదు.

గమ్ము వేయడం, గ్లాసు కూర్చోబెట్టడం

ఈ గమ్ము గాలిలోని తేమతో గట్టిపడుతుంది. బాగా చలిగా, పొడిగా ఉంటే నెమ్మదిస్తుంది, ఉక్కపోతలో పొర త్వరగా కడుతుంది. 5 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఈ పని పెట్టుకోకండి. ఎండలో కాగిన రేకు మీద కూడా వేయకూడదు, కారును నీడలో చల్లారనివ్వండి. ట్యూబు కూడా గది వేడిమిలో ఉండాలి.

ప్లాస్టిక్ ముక్కు కొనను ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో కోయండి: అడుగు 8 నుంచి 10, లోతు 12 నుంచి 14 మిల్లీమీటర్లు. మీ కారులో గ్లాసుకూ రేకుకూ మధ్య ఉండాల్సిన ఎత్తును బట్టి దీన్ని సరిచూసుకోండి. నొక్కాక తీగ 5 మిల్లీమీటర్ల మందానికి తగ్గకుండా, 10 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకోవాలి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, గాలి ఆడే చోట పని చేయండి. పచ్చి యూరిథేన్‌లోని ఐసోసైనేట్లు చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచివి కావు.

సెడాన్‌లో గమ్మును కారు చట్రం మీద వేయడం సౌకర్యం. డిక్కీ తలుపు నిలువుగా ఉండే హ్యాచ్‌బ్యాక్‌లో బల్ల మీదున్న గ్లాసు మీద వేస్తేనే చేయి తిన్నగా వస్తుంది. ఎక్కడ వేసినా గన్నును నిటారుగా పట్టి, ముక్కు వీ కోత వెనక్కి చూసేలా, ఆగకుండా ఒకే వేగంతో లాగాలి. మూలన మొదలుపెట్టకండి, మూలన ముగించకండి. వాలు గ్లాసులో నీరు నిలిచేది కింది అంచున కాబట్టి అతుకును అక్కడ కాకుండా పక్క అంచు మధ్యలో పెట్టుకోవడం మేలు. చివరికొచ్చాక మొదటి కొనను 20 నుంచి 30 మిల్లీమీటర్ల మేర దాటించి, ప్లాస్టిక్ చెంచాతో రెండు కొనలనూ ఒకదానిలో ఒకటి కలిసేలా నొక్కండి. మధ్యలో గాలి బుడగ పేలి తీగలో గుంట పడితే, ఆ గుంట మీద పైపైన రాయకండి. బుడగ అడుగు దాకా కొత్త గమ్ము నింపి పాత ఎత్తుకు తేవాలి.

పొర కట్టే సమయం లేబుల్ మీద ఉంటుంది. చాలా గమ్ములకు మామూలు వాతావరణంలో అది 10 నుంచి 25 నిమిషాల లోపు. వేసిన వెంటనే, మొత్తం 5 నుంచి 8 నిమిషాల్లో గ్లాసు పెట్టేయాలని పెట్టుకోండి. ఇద్దరూ కింది అంచును స్పేసర్ల మీద ఆనించి, టేపు సగాలు కలిసేలా పై అంచును మెల్లగా దింపండి. తర్వాత అరచేతులు పరిచి చుట్టూ ఒకే బరువుతో నొక్కండి. మూలల మీద గుద్దకండి. పక్కనున్న రేకుతో గ్లాసు సమంగా వచ్చిందో లేదో వేలితో తడిమి చూసి, పై అంచు నుంచి కప్పు మీదికి మూడు నాలుగు టేపులు వేసి పట్టి ఉంచండి. లేకపోతే గట్టిపడే లోపు గ్లాసు సొంత బరువుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి జారుతుంది.

పెయింటు మీద పొంగిన గమ్మును ముందు ప్లాస్టిక్ పలకతో తీసి, ఆపై క్లీనరు తడి గుడ్డతో తుడవండి. గుడ్డ తడి గ్లాసు కిందికి దిగి తాజా తీగను తాకకూడదు. లోపలి వైపు కాస్త పొంగినా అది ట్రిమ్ వెనక ఉండేదే, దాన్ని కదపకుండా గట్టిపడ్డాక కోయండి.

బిగించిన తర్వాత మొదటి రెండు రోజులు

తలుపులన్నీ మూసి ఉన్న కారులో ఒక తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి పిస్టన్‌లా పనిచేసి పచ్చి గమ్ము మీదున్న గ్లాసును బయటికి నెడుతుంది. కనీసం 24 గంటలు ఒక కిటికీని 2, 3 సెంటీమీటర్లు దించి ఉంచండి, తలుపులు నెమ్మదిగా వేయండి. నడపడానికి ఎంతసేపు ఆగాలో ట్యూబు మీదే ఉంటుంది. గంట నుంచి అనేక గంటల దాకా, ఒక్కో గమ్ముకు ఒక్కోలా. ఆ లెక్క మామూలు వేడిమికి, మామూలు తేమకు రాసింది. చలి కాలమైతే రాత్రంతా ఉంచడమే మంచిది. యూరిథేన్ బయటి అంచుల నుంచి లోపలికి రోజుకు సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది కాబట్టి పైన రాయిలా తగిలినా మధ్యలో ఇంకా మెత్తగా ఉంటుంది. గుంతల రోడ్డు, వేగం, ప్రెషర్ వాషర్ అన్నీ రెండు రోజులు మానుకోండి. పొర కట్టాక చిన్న వాన పడితే నష్టం లేదు.

టేపులు ఒక రోజు తర్వాత, గ్లాసు వైపు నుంచి రేకు వైపుకు మెల్లగా తీయండి. ఆ తర్వాతే నీటి పరీక్ష. పైపును అంచుకు దూరంగా పట్టి, ఒత్తిడి లేకుండా నీళ్లు పారేలా, కింది అంచుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఒక్కో వైపుకు రెండు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీరు ఎక్కడ దూరిందో తెలియకుండా కిందికి పాకి వస్తుంది. లోపల రెండో మనిషి టార్చితో చూడాలి, ట్రిమ్ ఇంకా బిగించకూడదు. కారుతున్నట్టు కనిపిస్తే ఆ చోట బయటి నుంచి సబ్బు నీళ్లు రాసి, లోపలి నుంచి గాలి ఊదండి, బుడగలు వచ్చిన చోటే సందు. చిన్న సందైతే దాన్ని ఆరబెట్టి, శుభ్రం చేసి, అదే యూరిథేన్‌ను లోపలికి నెట్టి నింపవచ్చు. ఒక వైపంతా కారుతుంటే అంచు తయారీలోనే లోపం ఉన్నట్టు. అప్పుడు గ్లాసు కోసి తీసి మళ్లీ పెట్టడమే దారి.

వైర్లు, డీఫాగర్

గ్లాసు మీద వైర్లు తగిలించే ట్యాబులు వెండి పూతకు టంకం వేసి అతికించినవి. కనెక్టరు తొడిగేటప్పుడు ట్యాబును వేలితో పట్టి, తిన్నగా నెట్టండి. పక్కకు వంచితే ట్యాబు పూతతో సహా ఊడుతుంది. ఊడితే విద్యుత్ ప్రవహించే వెండి ఎపాక్సీతో అతికించవచ్చు. సూపర్ గ్లూ కరెంటు పోనివ్వదు, దానితో అతికిస్తే పని చేయదు.

గమ్ము గట్టిపడ్డాక డీఫాగర్ ఆన్ చేయండి. అది 10 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఇంజిన్ నడుస్తూ ఉండగా చూడాలి. ఒక పట్టీ దగ్గర 12 వోల్టులకు కాస్త పైన, మరో పట్టీ దగ్గర సున్నా, గీత మధ్యలో అందులో సగం వస్తే బాగున్నట్టు. మధ్యలో పూర్తి వోల్టేజీ గానీ, సున్నా గానీ వస్తే ఆ గీత తెగి ఉంది. మీటరు మొనను గీత వెంబడి జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఒక్కసారిగా మారుతుందో అక్కడే తెగింది. మొనకు చిన్న అల్యూమినియం రేకు చుట్టుకుంటే పూత గీసుకుపోదు. తెగిన చోట రెండు పక్కలా టేపు వేసి, వెండి కండక్టివ్ పెయింటు పూసి ఆరనిస్తే సరిపోతుంది. అసలు ఏ గీతా వేడెక్కకపోతే గ్లాసు మీద అనుమానపడే ముందు ఫ్యూజు, రిలే, రేకుకు కలిసే ఎర్త్ వైరు చూడండి.

కొత్త ఫిల్మ్ వేయించాలంటే గమ్ము పూర్తిగా గట్టిపడేదాకా, అంటే కొన్ని రోజులు ఆగండి. ఫిల్మ్ వేసేవాళ్లు నీళ్లు చిమ్మి, స్క్వీజీతో అంచు దాకా నొక్కుతారు. లోపలి వైపు బ్లేడు వాడొద్దని ముందే చెప్పండి.

రబ్బరు బీడింగ్ ఉన్న పాత కార్లు, వ్యాన్లు

వీటిలో గ్లాసును గమ్ము కాదు, రబ్బరు చట్రం పట్టి ఉంచుతుంది. పాత రబ్బరు గట్టిపడి, వంచితే పగుళ్లు చూపిస్తుంటే గ్లాసుతోపాటు అదీ కొత్తదే వేయండి. రేకు అంచున పాత మాస్టిక్ (సందులు నింపే మెత్తటి జిగురు) గీకి, తుప్పు చూసుకుని, రబ్బరును ముందు గ్లాసుకు తొడగండి. రేకు పట్టే గాడిలో 5 లేదా 6 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టూ దూర్చి, రెండు కొనలూ కింద మధ్యలో ఒక జానెడు మేర ఒకదాన్నొకటి దాటేలా లోపలికి వేలాడదీయండి. గాడికి సబ్బు నీళ్లు రాయండి. నూనె, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఒకరు బయటి నుంచి గ్లాసును అరచేతులతో నొక్కుతుంటే, మరొకరు లోపలి నుంచి తాడును గ్లాసుకు సమాంతరంగా, మధ్య వైపుకు లాగాలి. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచును దాటి లోపలికి మడుచుకుంటుంది. ఒక మూలన ఇరుక్కుంటే బలంగా లాగకండి, బయటి మనిషి ఆ మూలను అరచేతితో నొక్కి సబ్బు నీళ్లు వేస్తే కదులుతుంది. చివరికి గ్లాసుకూ రబ్బరుకూ, రబ్బరుకూ రేకుకూ మధ్య గట్టిపడని మాస్టిక్ సన్నగా నెట్టండి. లాక్ స్ట్రిప్ (రబ్బరును బిగించడానికి గాడిలో దూర్చే సన్నని పట్టీ) ఉన్న రకమైతే ఆఖరున దాన్ని గాడిలోకి దూర్చాలి. దాని అతుకు కింది అంచున కాకుండా పై అంచు మధ్యలో రానివ్వండి.